ఈత, తాటి నారుసంచులలో పరాయి మొలకలు: వానిని గుర్తించు విధము

చెరువుగట్టు మీద వరుసదీరిన తాటిచెట్లు, వాగు ఒడ్డున గుబురుగా పెరిగిన ఈతచెట్లు మన పల్లెలకు క్రొత్త కావు. కల్లు, నీరా, ముంజలు, తేగలు, చాపలు, బుట్టలు, చీపుళ్లు, ఇంటికప్పునకు కమ్మలు, ఇన్ని విధములుగా ఈ చెట్లు గ్రామజీవనమునకు తోడ్పడినవి. గీతవృత్తిపై ఆధారపడిన కుటుంబములకు అవియే భూమి, అవియే పంట. కాని పాతచెట్లు కొట్టివేయబడుచుండగా వాని స్థానమున క్రొత్తవి తమంతట తాము మొలచి పెరుగునని ఎదురుచూచుటకు నేడు వీలులేదు. నారు పెంచి నాటవలసినదే.

తెలంగాణమున 2015లో ప్రారంభమైన హరితహారము క్రింద ఈత, తాటి మొక్కలను కూడ పెంచి గీతవృత్తివారి కొరకు నాటించిరి. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టము నర్సరీ పెంపకమును, నాటిన మొక్కల సంరక్షణను గ్రామపంచాయతీ బాధ్యతలలో చేర్చినది. ఆంధ్రప్రదేశమున గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ నారు విస్తారముగా పెరుగుచున్నది. కావున తాటిజాతి నారు గురించి కొంత తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు అవసరము. అందులో ముఖ్యమైన ఒక్క విషయమునే ఈ పాఠమున వివరింపదలచినాము. నారుసంచిలో మనము విత్తనిది ఏదో మొలచినప్పుడు, అది ఏమో గుర్తించుట ఎట్లు? గుర్తించిన పిదప ఏమి చేయవలెను?

ఒక నర్సరీలో చూచినది

కొంతకాలము క్రిందట మేమొక గ్రామ నర్సరీకి పోయితిమి. ఈతగింజలు విత్తి మూడునెలలు దాటినది. ఆనాడు కలుపుతీత ముగిసినది. సంచులన్నియు శుభ్రముగా నున్నవి; చూచుటకు ముచ్చటగా నున్నది. కాని చాల సంచులలో మొక్క లేదు. గింజలు మంచివి కావని అందరు అనుకొనుచుండిరి. మాతో వచ్చిన వృద్ధుడొకడు, గీతపనిలో తల నెరసినవాడు, గేటు ప్రక్కనున్న కలుపుకుప్ప వద్ద కూర్చుండి ఒక్కొక్క పోచను తీసి చూడసాగెను. కొంతసేపటికి ఒక పోచను పైకెత్తి, కలుపు తీసిన ఆమెతో ఇట్లనెను:

“అమ్మా! ఇది గడ్డి కాదు, ఈత. చూడు, గింజ ఇంకా దీనికి వ్రేలాడుచునే యున్నది.”

“అయ్యో పెద్దయ్యా! ఆకు చూస్తే అచ్చము గడ్డిపోచ లాగే ఉన్నదే! మాకు చెప్పినవారెవరు?” అని ఆమె బాధపడెను.

ఆ కుప్పలో దోసెడు ఈతమొలకలు దొరికినవి. గింజలు మంచివే. ఎరువు, నీరు, కూలి అన్నియు వెచ్చించి పెంచిన మొలకలను మనమే పెకలించి పారవేసినాము. తప్పు ఆమెది కాదు. ఈతమొలక ఎట్లుండునో ఆమెకు చూపకుండ పనికి పెట్టినవారిది. ఈ నష్టము మరియొక గ్రామమున జరుగకుండవలెనను కోరికయే ఈ వ్యాసమునకు కారణము.

మొదటి ఉపాయము: సాక్షిసంచి

సంచులలో నింపు మట్టిలో, పశువులపెంటలో వేలకొలది కలుపుగింజలు ముందుగనే యుండును. గాలి, పక్షులు, మేకలు, నీటికాలువ మరికొన్ని గింజలను తెచ్చును. అందుచేత విత్తనిది మొలచుట ఆశ్చర్యము కాదు. ఏది మనది, ఏది పరాయిది అని తెలియకపోవుటయే చిక్కు.

దీనికి ఖర్చులేని ఉపాయము కలదు. సంచులు నింపునప్పుడు అదే మట్టితో, అదే ఎరువుతో మరి నాలుగైదు సంచులను నింపవలెను. వానిలో ఏ గింజయు వేయరాదు. మిగిలిన సంచులతోపాటే నీరు పోయవలెను. వీనిని సాక్షిసంచులందము. సాక్షిసంచిలో మొలచినదంతయు పరాయిదే. విత్తిన సంచిలో కనబడిన మొలకవంటిదే సాక్షిసంచిలో కూడ ఉన్నచో అది కలుపు. విత్తిన సంచులలో మాత్రమే కనబడి సాక్షిసంచిలో లేనిచో దానిని ముట్టరాదు. అది మన మొక్కయే కావచ్చును. చదువు లేనివారు కూడ ఈ పరీక్షను చేయగలరు.

రెండవది, గింజను ప్రతి సంచిలో నట్టనడుమనే విత్తవలెను. ఈతగింజ నుండి మొదట ఒక కాడ బయలుదేరి మట్టిలోనికి దిగును. మొలక ఆ కాడ చివరి నుండి పైకి వచ్చును. అందుచేత మొలక గింజకు సరిగా పైన గాక కొంచెము ప్రక్కగా లేచును. కావున సంచి నడుమనుండి రెండు మూడు వ్రేళ్ల వెడల్పు లోపల మొలచిన దేనినైనను రెండాకులు వచ్చువరకు పెకలింపరాదని కూలీలకు నియమము పెట్టవలెను. అంచుల వద్ద మొలచినవానిని నిర్భయముగా తీయవచ్చును.

ఈతమొలక గుర్తులు

పెద్ద ఈతచెట్టు ఆకు పక్షిఈకవలె చీలియుండునని అందరికి తెలియును. కాని మొదటి ఆకు అట్లుండదు. అది చీలిక లేని ఒకే సన్నని పట్టె. దూరమునుండి గడ్డిపోచవలెనే కనబడును. దగ్గర కూర్చుండి ఈ మూడింటిని పరీక్షింపవలెను.

ఒకటి, స్పర్శ. ఈత ఆకును వ్రేళ్ల నడుమ రాచినచో బిరుసుగా, తోలువలె తగులును. పొడవునా సన్నని మడతలుండును. గడ్డి ఆకు పలుచగా, మెత్తగా నుండి సులభముగా నలుగును.

రెండు, మొదలు. గడ్డికి కణుపులుండును; కణుపు వద్ద క్రొత్త పిలకలు పుట్టును. తుంగ ఆకులు మొదట మూడు వరుసలుగా పేర్చినట్లుండును. దాని పూకాడను వ్రేళ్లతో త్రిప్పినచో మూడంచులు తగులును. ఈతమొలకకు ఈ రెండును లేవు. తెల్లని తొడుగులో నుండి ఒక్కటే ఆకు లేచును.

మూడు, గింజ. పై రెండు గుర్తులతో నిశ్చయము కానిచో చిన్నపుల్లతో మట్టిని మెల్లగా ప్రక్కకు తీయవలెను. ఈతమొలక మొదటినుండి ఒక కాడ ప్రక్కకు పోయి గింజను అంటియుండును. గింజమీద పొడవునా చాలువంటి గాడి ఉండును. ఇది కనబడినచో సందేహమునకు తావులేదు. మట్టిని తిరిగి కప్పి కొంచెము నీరు చల్లవలెను.

తాటిటెంక: కనబడకుండ పెరుగు మొక్క

తాటి విషయము వేరు. ఇక్కడ జరుగు పొరపాటు పరాయిమొలకను చూచి కాదు, ఏ మొలకయు కానరాకపోవుటను చూచి. తాటిటెంక మొలచినప్పుడు పైకి ఏమియు రాదు. ఒక లావైన కాడ నేరుగా క్రిందికి దిగును. ఆ కాడలోపలనే లేతమొక్క దాగి పెరుగును. మనము కార్తీకము మొదలు సంక్రాంతి వరకు కాల్చుకొని, ఉడికించుకొని తిను తేగ అదియే. తెలంగాణమున దీనినే గేగు అందురు. టెంకలోపల పెరుగు తియ్యని మెత్తని గుజ్జును బుర్రగుంజు అందుము. మొలక దాని ద్వారానే ఆహారమును పీల్చుకొనును.

నెలలు గడచినను ఆకు కానరాకపోవుటచే టెంకలు చచ్చినవని సంచులను కుమ్మరించువారు కలరు. అట్లు చేయరాదు. సందేహమున్నచో నాలుగు సంచులలో ఒకదానిని మాత్రమే కోసి చూడవలెను. తేగ గట్టిగా, తెల్లగా ఉన్నచో మిగిలినవి కూడ బ్రదికియున్నట్లే భావింపవచ్చును. కుళ్లి వాసన వచ్చినచో నీరు నిలిచినదని గ్రహింపవలెను.

ఇంకొకటి కలదు. తేగ క్రిందికి దిగుచు సంచి అడుగును తాకి, రంధ్రము గుండ తెల్లని మొన బయటికి వచ్చును. దానిని పురుగనియో, పరాయివేరనియో తలచి త్రుంచరాదు. త్రుంచినచో మొక్క చచ్చును. సంచిని నేలమీదనుండి లాగినను ఇదే జరుగును. అందుచేతనే మన పెద్దలు తాటిటెంకలను నాటవలసిన చోటనే, తొలకరి తరువాత, నేరుగా గుంటలో పాతుచుండిరి. చెరువుగట్లకు ఈ పద్ధతియే నేటికిని శ్రేష్ఠము. సంచిలోనే పెంచదలచినచో పొడవైన సంచిని ఎన్నుకొనవలెను.

నిజమైన కలుపు

సంచులలో తరచుగా కనబడునవి తుంగ, గరిక, గంగవాయిలి, వయ్యారిభామ. వీని నన్నిటిని ఒకే విధముగా తీసిన లాభము లేదు.

తుంగకు మట్టిలో గడ్డ ఉండును. పైఆకును లాగినచో ఆకు తెగి గడ్డ మిగిలి, మరల మొలచును. కావున పుల్లతో త్రవ్వి గడ్డతో సహా తీయవలెను. గరిక చిన్నముక్క మిగిలినను అల్లుకొనును. పెకలించినదానిని సంచుల నడుమ పడవేయరాదు.

వయ్యారిభామను కొన్నిచోట్ల క్యారెట్ గడ్డి అందురు. 1950ల దశకమున పూణెలో గుర్తింపబడిన ఈ మొక్క నేడు దేశమంతట వ్యాపించినది. లేతదశలో దీని ఆకులు క్యారెట్ ఆకులవలె చీలి, నేలకంటి చక్రమువలె పరచుకొనును. ఇది కొందరికి చర్మముపై దద్దులను, దురదను, ఆయాసమును కలిగించును. పూయక ముందే, చేతికి తొడుగు వేసికొని పెకలింపవలెను. పూచినచో ఒక్క మొక్కయే వేల గింజలను రాల్చును.

కలుపును చంపుటకు నారుసంచులమీద గడ్డిమందు చల్లవలదు. పచ్చని ఆకులన్నిటిని మాడ్చు మందు కలుపును, లేత ఈతను వేరుచేసి చూడదు. సంచిలోని కలుపునకు చేయియే మందు.

రావి, మర్రి, వేప మొలకలు

తాటిమట్టల సందున మర్రి మొలచి, క్రమముగా తాటిని చుట్టివేసిన దృశ్యమును చూడని గ్రామస్థుడుండడు. పక్షి తిన్న పండులోని గింజ రెట్టతో పడి అక్కడ మొలచినది. నారుసంచిలో కూడ ఇదే జరుగును. రావి, మర్రి, వేప, తుమ్మ, సుబాబుల్ మొలకలు కనబడుచుండును. వీని లేతఆకులు వెడల్పుగానో, చిన్నరెబ్బలుగానో ఉండుటచే గుర్తించుట సులభము. ఇవి శత్రువులు కావు. కాని ఆలస్యము చేసినచో వీని వేళ్లు ఈతవేళ్లతో పెనవేసికొనును. నాలుగాకులలోపలనే నీరు పోసి, మట్టి మెత్తబడిన పిదప మెల్లగా తీసి, వేప, రావి వంటివానిని వేరు సంచిలో నాటినచో పంచాయతీకి ఉచితముగా మొక్క దొరకినట్లే.

పాకుడు, పుట్టగొడుగు, బూజు

మట్టిపై పచ్చని పాకుడు గాని, మెత్తని నాచు గాని పరచుకొన్నచో భయపడనవసరము లేదు. అది మొక్కను తినదు. కాని అది మనకొక సమాచారమును ఇచ్చుచున్నది: నీరు ఎక్కువైనది, ఎండ తక్కువైనది. పైపొరను గీరి, అడుగు రంధ్రములు మూసుకొనలేదని చూచి, నీరు తగ్గింపవలెను. మట్టిలో వ్రేలు ఒక కణుపు వరకు గ్రుచ్చి, తడి తగిలినచో ఆనాడు నీరు పోయరాదు.

వర్షాకాలమున సంచులలో పసుపుపచ్చని, తెల్లని, బూడిదరంగు గొడుగులు ఒక్క రాత్రిలో లేచును. ఇవి సాధారణముగా చివకని పెంటను, గడ్డిని, కట్టెముక్కలను తిని బ్రదుకునవి. బ్రదికిన మొక్క జోలికి రావు. పెంట బాగుగా మాగలేదని మాత్రము ఇవి తెలుపును. కాని పిల్లలు వీనిని తినకుండ వెంటనే తీసి పాతిపెట్టవలెను. సంచిలో మొలచిన గొడుగును ఎంత తెల్లగా, అందముగా ఉన్నను కూరకు వాడరాదు. విషపుగొడుగును రంగునుబట్టి తెలిసికొనుట సాధ్యము కాదు.

తెల్లని బూజు విషయమున జాగ్రత్త వలెను. మట్టిలో, పెంటముక్కలమీద మాత్రమే దారములవలె ఉన్నచో అది చివుకుటకు గుర్తు. అదే బూజు మొక్క మొదటిని చుట్టుకొని, దానిలో ఆవగింజలవంటి గుండ్రని గోధుమరంగు పలుకులు కనబడి, మొక్క వాడుచున్నచో అది మొదలుకుళ్లు తెచ్చు శిలీంధ్రము. ఆ సంచిని మట్టితో సహా నర్సరీనుండి వెలుపలికి తీసికొనిపోవలెను. ఆ మట్టిని మరల వాడరాదు. మండలములోని ఉద్యానాధికారికి చూపి సలహా పొందవలెను.

తెల్లగా ఉన్నదంతయు బూజు కాదు

ఆకు మొదట దూదివలె అంటుకొన్న తెల్లనిది పిండినల్లి కావచ్చును. పుల్లతో కదిలించినచో మెత్తని చిన్నపురుగులు కనబడును. ఆకుపై నల్లని మసివంటి పొర ఉన్నచో పైభాగమునే తుడిచి ఊరకుండరాదు. ఆకును త్రిప్పి చూడవలెను. రసము పీల్చు పురుగులు విడుచు తేనెవంటి జిగురుమీదనే ఆ మసి పెరుగును. మసి ఫలము, పురుగు కారణము.

కొబ్బరి, ఆయిల్ పామ్ నారు పెంచు గ్రామములవారు మరియొక గుర్తును నేర్చుకొనవలెను. ఆకు అడుగున మైనముతో ముగ్గువేసినట్లు తెల్లని చుట్లు కనబడినచో అవి సర్పిలాకార తెల్లదోమ గ్రుడ్లు. ఈ దోమ 2016లో తమిళనాడులోని పొల్లాచి ప్రాంతమున కనబడి, పిదప ఆంధ్రప్రదేశ్ కొబ్బరి తోటలకు కూడ వ్యాపించినది. పురుగుపట్టిన నారును బండ్లమీద ఊరూరికి పంపుటయు దాని వ్యాప్తికి దారితీయును. విచక్షణ లేక పురుగుమందు చల్లినచో దోమను అదుపుచేయు మేలుపురుగులు కూడ చచ్చును. కావున అట్టి నారును ఇతర గ్రామములకు పంపక, అంబాజీపేట ఉద్యాన పరిశోధనా స్థానము వంటి సంస్థల సలహాను పొందుట మేలు.

మొక్క తన స్వంత పెరుగుదల

కొన్ని వింతపెరుగుదలలు పరాయివి కావు, మొక్కవే. ఆయిల్ పామ్ గింజలో ఒక్కొక్కప్పుడు రెండు మూడు పలుకులుండుటచే ఒకే గింజనుండి రెండు మూడు మొలకలు వచ్చును. వానిలో బలమైనదానిని ఉంచి, మిగిలినవానిని లేతదశలోనే వేరుచేయుదురు. ఈత, ఆయిల్ పామ్ సంచులలో మట్టిపైకి తెల్లని సన్నవేళ్లు లేచుట కూడ కద్దు. నీరు నిలిచి, మట్టిలో గాలి తక్కువైనప్పుడు మొక్క గాలి కొరకు వేళ్లను పైకి పంపును. ఆ వేళ్లను కోయరాదు. నీరు నిలువకుండ చేయవలెను. సంచి క్రింద వేళ్లు చుట్టలుగా వచ్చినచో నాటువేళ దాటుచున్నదని అర్థము.

పంచాయతీ చేయవలసినది

మేము చెప్పినదంతయు జ్ఞాపకముంచుకొనుట కష్టమనిపింపవచ్చును. ఏ క్రొత్త పెరుగుదల కనబడినను మూడు ప్రశ్నలు వేసికొన్నచో చాలును. అది సాక్షిసంచిలో కూడ ఉన్నదా? అది మట్టిని అంటియున్నదా, మొక్కను అంటియున్నదా, మొక్కనుండియే పుట్టినదా? మొక్క ఆరోగ్యముగా నున్నదా, వాడుచున్నదా? సాక్షిసంచిలో ఉన్నచో కలుపు. మట్టిని అంటియుండి మొక్క బాగుగా నున్నచో నీటిని, ఎరువును సరిచూచుకొన్న చాలును. మొక్కను అంటియుండి మొక్క వాడుచున్నచో సంచిని వేరుచేసి సలహా పొందవలెను. మొక్కనుండియే పుట్టినదైనచో చేయి పెట్టరాదు.

ఇక పాలకవర్గము చేయవలసిన పనులు నాలుగు. పెంటను బాగుగా మాగనిచ్చి, జల్లించి వాడుట. తెగులుతో చచ్చిన కొబ్బరి, తాటి చెట్ల మొదళ్ల వద్ద మట్టిని సంచులకు తీసికొనకుండుట. కలుపుతీతకు ముందురోజు కూలీలందరికి ఒక ఈతమొలకను, ఒక తుంగను, ఒక గడ్డిపోచను చేతికిచ్చి చూపుట. మొలచిన సంచులెన్ని, చచ్చినవెన్ని, కారణమేమి అని వారమునకొకసారి నోటుపుస్తకమున వ్రాయుట. ఊరిలోని గీతవృత్తి పెద్దలను ఈ పనికి పిలిచినచో సంతోషముతో వచ్చెదరు. ఈతను పుట్టుకనుండి ఎరిగినవారు వారే.

ఈతచెట్టు గీతకు వచ్చుటకు అనేక సంవత్సరములు పట్టును. తాటిచెట్టు కాపునకు పది పన్నెండేండ్లకు పైగా పట్టును. నేడు పొరపాటున పెకలించిన మొలక విలువ ఒక గింజవెల కాదు. అన్ని సంవత్సరముల తరువాత ఒక కుటుంబమునకు దొరకవలసిన జీవనాధారము. అందుచేత నర్సరీలో పనిచేయు ప్రతివారికి ఈ ఒక్క మాటను నేర్పుడు: ముందు గుర్తింపవలెను, తరువాతనే పెకలింపవలెను. ఈసారి మీ నర్సరీకి పోయినప్పుడు కలుపుకుప్ప వద్ద ఒక్కక్షణము ఆగి, దానిలో గింజ వ్రేలాడు పోచ ఏదైన ఉన్నదేమో చూడుడు.